విశ్వవిద్యాలయం పేరిట నకిలీ ఈ-మెయిళ్లు: గుర్తించడమెలా, ఫిర్యాదు చేయడమెలా?

ఉతైకి సమీపాన, భిలాయి శివారులోని నేవయిలో ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ప్రాంతపు కళాశాలల్లో చదువుతున్నారు. పరీక్ష రుసుము గడువు, ఉపకార వేతనం, ఫలితాలు వంటి కబుర్లు నేడు ఈ-మెయిల్‌లోనూ వస్తాయి. విద్యార్థి ఎదురుచూపే మోసగాళ్లకు పెట్టుబడి. ‘ఈ రాత్రిలోగా ధ్రువీకరించకుంటే హాల్ టికెట్ రద్దు’ అన్న ఒక్క వాక్యంతో కంగారుపెట్టి, నకిలీ పేజీలో పాస్‌వర్డ్ రాయించుకోవడమే ఫిషింగ్.

చదువుకున్నవారు ఈ వలలో పడరనుకోవడం సరికాదు. ఇరాన్‌కు చెందిన తొమ్మిది మందిపై అమెరికా న్యాయశాఖ 2018 మార్చిలో అభియోగాలు వెల్లడించింది. అమెరికాలో 144, మరో 21 దేశాల్లో 176 విశ్వవిద్యాలయాలు వారి లక్ష్యాలని, లక్షకు పైగా ఆచార్యుల ఖాతాలపై గురిపెట్టి దాదాపు 8,000 ఖాతాలను చేజిక్కించుకున్నారని అందులో పేర్కొంది. ‘మీ వ్యాసం చదివాను, ఎంతో నచ్చింది’ అంటూ తోటి ఆచార్యుడు రాసినట్లుగా ఆ మెయిళ్లు వెళ్లాయి. బెదిరింపు కంటే ప్రశంస మరింత పదునైన ఎర కాబోలు.

తప్పుల తడక భాష ఒకప్పుడు మంచి ఆనవాలు. ఇప్పుడు దానిపై ఆధారపడలేం. చూడవలసింది చిరునామా. మన దేశంలో ‘ఏసీ డాట్ ఇన్’ చిరునామాలు విద్యాసంస్థలకే ఇస్తారు. అయితే అది చివరన ఉండాలి. విశ్వవిద్యాలయం పేరు, ఏసీ డాట్ ఇన్ ముందు వచ్చి, ఆ తరువాత మరో పేరు, డాట్ కామ్ ఉంటే, ఆ లింకు చివరి పేరు గలవారిదే. అసలు చిరునామా నుంచే వచ్చినా, ఆ ఖాతా అప్పటికే దొంగల చేతికి చిక్కి ఉండవచ్చు. లింకు నొక్కక, విశ్వవిద్యాలయ వెబ్‌సైటును స్వయంగా తెరిచి చూడటమే మేలు.

అనుమానాస్పద మెయిల్‌ను వెంటనే తొలగించకూడదు. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో ‘రిపోర్ట్ ఫిషింగ్’ ఉంటుంది. సంస్థ కంప్యూటర్ విభాగానికి ఆ మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా పంపాలి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఏ దారిన వచ్చిందో తెలిపే వివరాలు పోతాయి. ఒక్కరు చెబితే అదే మెయిల్ అందుకున్న మిగతావారిని హెచ్చరించే వీలుంటుంది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఫిషింగ్ దాడులను ఆరు గంటల్లోగా దానికి నివేదించాలి.

పాస్‌వర్డ్ ఇచ్చేసినవారు దాన్ని మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ కావాలి. తమ మెయిళ్లు మరెవరికైనా చేరేలా ఫార్వర్డింగ్ అమర్చారేమో చూసుకోవాలి.

డబ్బు పోతే తక్షణమే 1930కు, బ్యాంకుకు ఫోన్ చేసి లావాదేవీ సంఖ్య, సమయం తెలపాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సిగ్గుపడి జాప్యం చేస్తే నష్టమే: 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, రహస్య వివరాలు ఖాతాదారే ఇచ్చిన సందర్భంలో, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం ఖాతాదారుది, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది.