పద్నాలుగు మిల్లీమీటర్లు

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అందులో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె దానికి సరుకులు. తల్లి వంతుకు సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు. బిడ్డ వంతుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు. టీకాలు, రక్తహీనత నివారణ వంటి ప్రజారోగ్య కార్యక్రమాలకు ఈ తిండిని జత చేశారు. మిగిలిన 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. 2003–05 మధ్య పరిశోధకులు మళ్లీ అవే ఊళ్లకు వెళ్లి, ఆ రోజుల్లో పుట్టినవాళ్లలో 1,165 మందిని కొలిచారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు.

ఒకటిన్నర సెంటీమీటర్లు కూడా లేదు కదా అనిపిస్తుంది. దాని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 1896లో పుట్టిన భారతీయ పురుషుల సగటు ఎత్తు 162 సెంటీమీటర్లు. 1996లో పుట్టినవాళ్లది 164.9. కాలువలు, రైళ్లు, స్వాతంత్ర్యం, హరిత విప్లవం, టీకాలు అన్నీ చూసిన నూరేళ్లలో పెరిగింది మూడు సెంటీమీటర్లే. ఆడవాళ్లు కాస్త నయం: 147.7 నుంచి 152.6కి వచ్చారు. ఎదుగుతున్న పిల్లలనూ ఎదిగిన పెద్దలనూ నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా రోజూ కాస్త ఉప్మా, దాంతోపాటు ఓ మోస్తరు వైద్యం తెచ్చిన తేడా, శతాబ్దం తెచ్చినదానిలో దాదాపు సగం ఉందంటే దాన్ని చిన్న విషయమని నేను అనుకోలేను.

పైగా లాభం ఎత్తుతో ఆగలేదు. ఆ పిల్లల్లో ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం 20 శాతం తక్కువగా కనిపించింది, రక్తనాళాలు బిరుసెక్కడమూ తక్కువే. ఒంట్లో కొవ్వు మాత్రం అదనంగా చేరలేదు. మధుమేహం ఇంటింటి జబ్బుగా మారిన మన ప్రాంతంలో ఈ ఫలితానికి రావలసినంత పేరు రాలేదు.

మన మగవాళ్లు మూడు సెంటీమీటర్లు పెరిగిన ఆ నూరేళ్లలోనే దక్షిణ కొరియా ఆడవాళ్లు 20.2 సెంటీమీటర్లు పెరిగారు. 200 దేశాల లెక్కలు తీస్తే ఆడవాళ్లలో ఇదే అత్యధికం. మగవాళ్లలో ఇరాన్ ముందుంది: 16.5. 1996లో పుట్టిన నెదర్లాండ్స్ మగవాళ్ల సగటు 182.5, అంటే ఇంచుమించు ఆరడుగులు. తైమూర్ లెస్తెలో 160 దగ్గరే ఉంది. గ్వాటెమాలా ఆడవాళ్ల సగటు ఐదడుగులకు అంగుళం తక్కువ.

ఇక్కడే ఎవరో ఒకరు అంటారు: తల్లీదండ్రీ పొట్టయితే పిల్లలు పొడుగెలా అవుతారు? ఒక్కో మనిషి విషయంలో ఆ మాట చాలావరకు ఒప్పే. తిండికి లోటులేని సమాజాల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎత్తు తేడాల్లో దాదాపు 80 శాతం జన్యువుల వల్లే. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని కలిపి చూస్తే ఎత్తుతో ముడిపడిన తేడాలు 12,111 దొరికాయి. కానీ కొరియావాళ్ల జన్యువులు నాలుగు తరాల్లో మారిపోలేదు. మారింది వాళ్ల పళ్లెం, వాళ్ల ఆసుపత్రి, వాళ్లు తాగే నీళ్లు.

గ్వాటెమాలా మాయా జాతివారు దీనికి ఇంకా గట్టి రుజువు. ప్రపంచంలోకెల్లా పొట్టివాళ్లలో వాళ్లొకరు, అది వాళ్ల జాతి లక్షణమేనని చాలాకాలం అనుకున్నారు. అంతర్యుద్ధం వల్ల ఎన్నో మాయా కుటుంబాలు అమెరికాకు వలసపోయాయి. అక్కడ ఎదుగుతున్న పిల్లలను మానవశాస్త్రవేత్త బారీ బోగిన్ బృందం కొలిచింది. స్వదేశంలోని అదే వయసు మాయా పిల్లలకన్నా వాళ్లు సగటున 11 సెంటీమీటర్లకు పైగా పొడుగున్నారు. ఒక్క తరంలో వచ్చిన తేడా ఇది. వాళ్లేమీ సంపన్నులు కారు. అక్కడ మంచినీళ్లున్నాయి, బడిలో భోజనం ఉంది, జబ్బు చేస్తే చూసే వైద్యుడున్నాడు.

గ్వాటెమాలాలోనే 1969–77 మధ్య నాలుగు పల్లెల్లో ఇంకో ప్రయోగం జరిగింది. రెండు ఊళ్లకు మాంసకృత్తులున్న అతోలే అనే జావ, రెండు ఊళ్లకు అవి లేని తీపి పానీయం ఇచ్చారు. వైద్యం నాలుగు ఊళ్లకూ ఇచ్చారు. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ల సంపాదన లెక్కగడితే, రెండేళ్లలోపు జావ తాగిన మగవాళ్ల గంట కూలి సగటున 46 శాతం ఎక్కువగా తేలింది. మూడేళ్లు దాటాక తాగినవాళ్లకు ఆ లాభం లేదు.

అంత తొందరగా ఆ తలుపు ఎందుకు మూసుకుపోతుంది? పుట్టినప్పుడు బిడ్డ పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. మొదటి ఏడాది 25 పెరుగుతుంది, రెండో ఏడాది 12. రెండేళ్లు నిండేసరికి పెద్దయ్యాక ఉండే ఎత్తులో సగం వచ్చేస్తుంది. తర్వాత ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లే. ఈ పరుగు మధ్యలో విరేచనాలు, జ్వరాలు పట్టుకుంటే శరీరం తిన్నదాన్ని జబ్బుతో పోరాడటానికి మళ్లిస్తుంది, ఎముకల చివర పెరుగుదల మందగిస్తుంది. మురికి నీళ్లు, ఆరుబయట మలవిసర్జన ఉన్నచోట పేగు లోపలి పొర పదేపదే దెబ్బతిని, పెట్టిన తిండి కూడా ఒంటబట్టదు. ఐరోపాలోని 15 దేశాల్లో 1870ల తొలినాళ్ల నుంచి 1980 దాకా మగవాళ్లు సుమారు 11 సెంటీమీటర్లు పెరిగారు. అదే కాలంలో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాదిలోపు చనిపోయే పిల్లలు 178 నుంచి 14కు తగ్గారు. బతికినవాళ్లు ఎదిగిందీ, చావులు తగ్గిందీ చాలావరకు ఒకే కారణంతో: అంటురోగాలు వెనక్కి తగ్గడం.

మన దేశం దగ్గర లెక్క ఇంకాస్త బాధపెడుతుంది. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలు చాలావాటికన్నా ఆదాయం ఎక్కువున్నా, మన పిల్లలు ఆ పిల్లలకన్నా పొట్టిగా ఉన్నారు. ఆర్థికవేత్తలు సీమా జయచంద్రన్, రోహిణి పాండే 2017లో దీన్ని విడదీసి చూపించారు. మన తొలిచూలు పిల్లలు అక్కడి తొలిచూలు పిల్లలకు తీసిపోరు. రెండో కాన్పు నుంచి వెనకబాటు మొదలై, తర్వాతి కాన్పుల్లో పెరుగుతుంది. పెద్దకొడుకు మీద ఉన్న మోజే దీనికి ముఖ్య కారణమని వాళ్ల వాదన. తల్లి సంగతి పరిశోధకురాలు డయాన్ కాఫీ 2015లో లెక్కగట్టింది: గర్భం దాల్చేనాటికి తగినంత బరువు లేని ఆడవాళ్లు మన దేశంలో 42 శాతం ఉండేవారు, ఆ ఆఫ్రికా దేశాల్లో 16.5 శాతం. అందరికీ వడ్డించి, మిగిలింది తినే కోడలి కడుపులోనే బిడ్డ ఎత్తు కోల్పోవడం మొదలవుతోంది.

మన పిల్లలు ఎదగలేనివాళ్లేమీ కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఆరు దేశాల పిల్లలను కొలిచింది. ఓస్లో, అక్రా, మస్కట్ పిల్లలతోపాటు దక్షిణ ఢిల్లీలో సౌకర్యంగా పెరిగిన పిల్లలూ ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, వైద్యం అందినచోట అందరూ దాదాపు ఒకే తీరున ఎదిగారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, అంతకుముందు సర్వేలోనూ ఇంచుమించు అంతే. తెలంగాణలో 28 నుంచి 33.1 శాతానికి పెరిగింది. అదే సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా తిండి అందినది 11 శాతం మందికే. అన్నప్రాసన ఘనంగా చేస్తాం. ఆ తర్వాత నెలల తరబడి పలచటి పప్పుకట్టు, మెత్తటి అన్నంతో సరిపెడతాం. వాటితో కడుపు నిండుతుంది గాని ఎముకకు కావలసింది వాటిలో ఉండదు. ముద్దపప్పు, నెయ్యో నూనెనో, ఉడికించిన గుడ్డు, అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం ఆ వయసులోనే బిడ్డ నోట్లోకి వెళ్లాలి. విరేచనాలైతే అన్నం మాన్పించకూడదు. ఓఆర్‌ఎస్ తాగిస్తూ, 14 రోజులు జింకు ఇస్తూ, తిండి పెడుతూనే ఉండాలి.

అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు తూకంతోపాటు పొడవు కూడా కొలిపించి కార్డులో రాయించుకోండి. తగ్గిన బరువు కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది, పోయిన ఎత్తు అంత సులువుగా రాదు. ఆరు నెలలకు బాబు 63.3 సెంటీమీటర్లు, పాప 61.2 దాటి ఉండాలి. ఏడాదికి బాబు 71, పాప 68.9. రెండేళ్లకు నిలబెట్టి కొలిస్తే బాబు 81, పాప 79.3. ఇవి మంచి ఎదుగుదలకు గుర్తులని పొరబడవద్దు, ఇంతకన్నా తగ్గితే వెంటనే వైద్యుడికి చూపించాలని చెప్పే హద్దులు. ఆరు నెలలకు తగ్గినట్టు కనిపిస్తే, సరిదిద్దుకోవడానికి ఇంకా పద్దెనిమిది నెలలు చేతిలో ఉంటాయి.