రాత్రి ఎక్కడ పడుకొంటారు?

విజయవాడ నుంచి చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు. హిమాలయాలలో మనాలి నుంచి లేహ్‌కు సుమారు 430 కిలోమీటర్లు. మోటారు సైకిలు మీద పొద్దున్నే విజయవాడలో బయలుదేరినవాడు నెల్లూరులో భోజనం చేసి, ఒక కునుకు తీసి మరీ, చీకటిపడే వేళకు చెన్నై చేరవచ్చు. లేహ్ కూడా అంత దూరమే గదా అనుకొన్నవాడు మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకొంటాడు. ఎందుకో చూద్దాం.

చెన్నై దారి సముద్రాన్ని ఆనుకొని పోయే దారి. రోజంతా ప్రయాణం చేసినా ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మనాలి ఊరే 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తూర్పు కనుమలలో పేరుపడ్డ అరమ కొండ శిఖరం 1,680 మీటర్లే! అంటే మన ఎత్తయిన కొండ కొన కన్నా ఎత్తున ప్రయాణం మొదలవుతుందన్నమాట. అక్కడి నుంచి దారి బారాలాచా లా వద్ద సుమారు 4,900 మీటర్లకూ, లాచులుంగ్ లా వద్ద 5,000 పైకీ, తంగ్లంగ్ లా వద్ద 5,300 మీటర్లకూ ఎక్కి, చివరికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌కు దిగుతుంది. 'లా' అంటే ఆ ప్రాంతం భాషలో కనుమ.

పైకి పోతే గాలి పలచబడుతుందని మీ పాఠంలో ఉన్నది. పలచబడటం అంటే ఏమిటి? ఇంట్లో పెళ్ళికి తెచ్చిన పరుపులను దొంతరగా పేర్చారనుకోండి. అట్టడుగు పరుపు పైవాటి బరువుకు అణగి గట్టిగా ఉంటుంది. పై పరుపు ఉబ్బి వదులుగా ఉంటుంది. గాలి కూడా అంతే. మనం అట్టడుగు పరుపులో బతుకుతున్నాం. ఎక్కడికి పోయినా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళే, అది మారదు. కాని లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్న దానిలో మూడింట రెండు వంతులు. తంగ్లంగ్ లా మీద సుమారు సగం. అక్కడ ఒక్కొక్క గుక్కకు సగం ప్రాణవాయువే లోపలికి పోతుంది.

దీన్ని కళ్ళారా చూడవచ్చు. కింద కొన్న బంగాళాదుంప చిప్స్ పొట్లం కనుమ మీదికి చేరేసరికి దిండులాగా ఉబ్బుతుంది. లోపలి గాలి కింది గాలి. దాన్ని అణిచిపెట్టేందుకు బయట తగినంత ఒత్తిడి లేదు. లేహ్‌లో నీళ్ళు 100 డిగ్రీల దాకా పోకుండా 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు ఉడకదు. మోటారు సైకిలుకూ ఇదే బాధ. పెట్రోలు మండటానికి గాలి చాలదు. కార్బ్యురేటరు ఉన్న పాత బండి నల్లటి పొగ వదిలి, ప్లగ్గుకు మసి పట్టి మొరాయిస్తుంది. కొత్త బండ్లు గాలిని బట్టి పెట్రోలును తామే తగ్గించుకొంటాయి. అయినా 5,300 మీటర్ల వద్ద బలంలో నూటికి నలభై పాళ్ళు పోవలసిందే.

యంత్రం తక్కువ బలంతోనైనా నడుస్తుంది. మనిషి సంగతి వేరు. మన ఒంటికి కొత్త గాలి అలవాటు కావాలంటే రోజులు పడుతుంది. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది. తరువాత మూత్రపిండాలు రక్తంలోని లవణాలను సరిచేసుకొంటాయి. రక్తంలో ఎర్రకణాలు పెరగటానికి వారాలు కావాలి. ఈ పనులను తొందర పెట్టలేము. వ్యాయామం చేసిన వస్తాదుకైనా మినహాయింపు లేదు. పైగా నిద్రలో ఊపిరి మందగిస్తుంది. అందుచేత పగలు ఎంత ఎత్తు ఎక్కామన్న దానికన్నా రాత్రి ఎంత ఎత్తున పడుకొన్నామన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడకకూ మరునాటి పడకకూ మధ్య ఎత్తు 500 మీటర్లకు మించి పెరగరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. వైద్యులు చెప్పే సూత్రం ఇది.

నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు ఉద్యోగంలో చేరాక, స్నేహితుడితో కలిసి ఈ యాత్ర తలపెట్టి, కాగితం పట్టుకొని వచ్చాడు. ఊళ్ళ పేర్లు, దూరాలు, పెట్రోలు ఖర్చు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

"రెండే రోజులండి మాస్టారూ!" అన్నాడు.

"రాత్రి ఎక్కడ పడుకొంటార్రా?"

"సర్చులోనండి. మనాలికి 175 కిలోమీటర్లు. గుడారాలు ఉంటాయట."

"దాని ఎత్తెంత?"

వాడు కాగితం తిరగేసి చూశాడు. ఎత్తు ఎక్కడా రాయలేదు.

సర్చు ఎత్తు సుమారు 4,300 మీటర్లు. అంటే నిన్న రాత్రి 2,050లో, ఈ రాత్రి 4,300లో! 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక దారి 46 కిలోమీటర్లు తగ్గింది. మంచిదే, కాని ఎత్తుకు ఇంకా త్వరగా చేరుస్తుంది. సర్చులో ఇంకొక చిక్కున్నది. ఒంట్లో బాగులేకపోతే కిందికి దిగాలి. వెనక్కు దిగాలంటే ముందు బారాలాచా లాకు 600 మీటర్లు ఎక్కాలి. ముందుకు పోతే అంతకన్నా ఎత్తయిన కనుమలు. చూశారా! ఇరుపక్కలా గోడలున్న గదిలో పడుకొన్నట్లే.

వాడి ప్రణాళికను తిరగవేశాం. శ్రీనగర్ వైపు నుంచి వెళితే 1,600 మీటర్ల నుంచి మొదలు. మధ్యలో 3,528 మీటర్ల జోజి లా దాటినా, రాత్రి పడక కార్గిల్‌లో, 2,680 మీటర్ల వద్ద. మరునాడు లేహ్. అక్కడ రెండు రోజులు బండి ముట్టకుండా విశ్రాంతి. ఆ తరువాత చుట్టుపక్కల కనుమలు ఎక్కి దిగి, ఒళ్ళు అలవాటుపడ్డాక మనాలి దారిన వెనక్కు రావడం. అప్పుడు అదే సర్చులో ఒక రాత్రి పడుకొన్నా భయం తక్కువ. రెండు రోజుల యాత్ర పన్నెండు రోజులయింది. సెలవు చాలదని వాడు గొణిగాడు. సెలవు దొరికినప్పుడే వెళ్ళమన్నాను.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఇంకా పైకి పోకుండా ఆగిపోవాలి. కూర్చున్నా ఆయాసం వచ్చినా, మాట పొంతన తప్పినా, నేల మీద గీత గీసి మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలిపోయినా, తెల్లవారేదాకా ఆగరాదు. తోడు ఇచ్చి వాహనంలో వెంటనే కిందికి దింపాలి. అటువంటివాణ్ణి బండి నడపనివ్వకూడదు. ముందే వైద్యుణ్ణి కలిసి మందుల సంగతి అడిగి వెళ్ళటం మంచిది.

ఇక వాగులు. అవి మంచు కరిగి వచ్చే నీళ్ళు. ఎండ ముదిరినకొద్దీ మంచు కరుగుతుంది కనక, ఉదయం మడమ తడిపే వాగు సాయంత్రానికి చక్రాలను ముంచవచ్చు. అందుకే తెల్లవారుతూనే బయలుదేరాలి. పెట్రోలు లెక్క మీరే చేయండి: కేలాంగ్‌కు ముందున్న తాండీ బంకు వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన అని చాలా ఏళ్ళు బోర్డు ఉండేది. టాంకీలో 12 లీటర్లు పడుతుంది, లీటరుకు 30 కిలోమీటర్లు వస్తుంది. చాలుతుందా? ఎక్కుడు దారిలో 25 కిలోమీటర్లే వస్తే డబ్బాలో ఎన్ని లీటర్లు వెంట తీసుకుపోవాలి? దారిలో కొత్త బంకు వచ్చిందని ఎవరైనా చెప్పినా ఈ లెక్క మానకండి.

మీ అన్నయ్యో బాబాయో ఇటువంటి ప్రయాణం పెట్టుకొంటే ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు వేసి దారి గీయండి. పడుకొనే ఊరి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టండి. ఒక సున్నా నుంచి మరొక సున్నాకు ఎన్ని గళ్ళు పైకి పోయారో లెక్కపెట్టండి. ఎత్తులు మాత్రం మంచి పటం చూసి వేయండి. లేహ్ దగ్గర ఖర్దుంగ్ లా మీద ఎత్తు 18,380 అడుగులని బోర్డు పెట్టి, దాని పక్కన నిలబడి లక్షలాది మంది ఫోటోలు తీయించుకొన్నారు. తరువాత సరిగా కొలిస్తే 17,582 అడుగులే వచ్చింది. మీటర్లలో 5,359. మీ కాగితం మీద ఆ అంకె వేయండి.