ఓడిన పార్టీ ఓట్లు ఎటు పోయాయి?

అపోహ: సీట్లు పోయాయంటే జనం ఆ పార్టీని వదిలేసినట్టే.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశం 23 సీట్లకు పడిపోయింది. వచ్చిన ఓట్లు మాత్రం 39.17 శాతం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 నుంచి 11కి జారింది. దాని ఓట్లు 39.37 శాతం. రెండుసార్లూ ‘ఇక వీళ్ల పని అయిపోయింది’ అన్న మాటే ఊరూరా వినిపించింది. పదిమందిలో నలుగురు వెంట ఉన్న పార్టీ పని ఎలా అయిపోతుంది? మన పద్ధతిలో నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాళ్లదే సీటు, రెండో స్థానానికి మిగిలేది సున్నా. రాష్ట్రమంతా సమంగా ఓట్లున్న పార్టీ పది శాతం వెనకబడిందంటే దాదాపు ప్రతిచోటా రెండోదిగానే మిగులుతుంది.

నిజంగా పని అయిపోవడమంటే ఏమిటో 2014లో కాంగ్రెస్‌ను చూడాలి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 సీట్లు గెలిచిన పార్టీకి, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోని 175లో ఒక్కటీ రాలేదు. ఓట్లు మూడు శాతం దాటలేదు. అక్కడ ఓటరు అలిగాడనేది సగం కథే. ఊళ్లలో జెండా మోసినవాళ్లు, పోలింగ్ బూత్‌లో ఏజెంట్లుగా కూర్చునేవాళ్లు మూకుమ్మడిగా వేరే పార్టీల్లోకి వెళ్లిపోయారు. నా లెక్కలో పార్టీ బతికుందా లేదా అని చూడాల్సింది అసెంబ్లీలో కాదు, ఆ బూత్‌లో.

అపోహ: 2019లో జనసేన ఓట్లు చీల్చకపోతే తెలుగుదేశమే గెలిచేది.

వాస్తవం: 39.17కి జనసేన 5.53 కలిపినా 44.70. గెలిచినవాళ్లకు వచ్చింది 49.95.

అపోహ: నాయకుడి మీద సానుభూతి ఉంటే గెలుపు ఖాయం.

వాస్తవం: 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర మందుపాతర దాడి నుంచి చంద్రబాబు నాయుడు ప్రాణాలతో బయటపడ్డారు. మరుసటి నెలలోనే సభ రద్దుచేసి ముందస్తుకు వెళ్లారు. 2004లో వచ్చినవి 47 సీట్లు. కరువుతో, కరెంటు బిల్లులతో విసిగిన రైతుకు ఆ జాలి ఓటేసేంత బలంగా తోచలేదు. చిత్రమేమంటే ఓట్లలో కాంగ్రెస్‌కు, తెలుగుదేశానికి తేడా ఒక్క శాతమే. తెలంగాణ రాష్ట్ర సమితి, వామపక్షాలతో పొత్తే కాంగ్రెస్‌కు 185 సీట్లు తెచ్చిపెట్టింది.

అలాగని సానుభూతి పనిచేయదనీ కాదు. ఇందిరా గాంధీ హత్య తర్వాత 1984 ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్‌ను గెలిపిస్తే, ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 30 తెలుగుదేశానివే. ఆ ఆగస్టులోనే ఎన్టీఆర్‌ను గద్దె దించిన ఉదంతం జనం మనసులో ఇంకా పచ్చిగా ఉంది. జాలి ఉంది గానీ, అది ఆయన వైపుంది.

అపోహ: పథకాలిస్తే ఓటు ఎక్కడికీ పోదు, తీసేస్తే ఓటమే.

వాస్తవం: కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చిన ఎన్టీఆర్ 1989లో అధికారం కోల్పోవడమే కాదు, కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయారు. అందుతున్న బియ్యానికి జనం ఎన్నాళ్లని కృతజ్ఞత చెబుతారు? నెల్లూరు జిల్లా ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకాక, మద్యనిషేధం హామీతో ఆయన 1994లో 216 సీట్లతో తిరిగొచ్చారు. ఆ నిషేధాన్ని చంద్రబాబు 1997లో ఎత్తేశారు. అయినా 1999లో, కార్గిల్ గాలీ బీజేపీ పొత్తూ తోడై, 180 సీట్లు గెలిచారు.