అంతర్జాల శోధనమున నామభేద సమస్య: హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల దృష్టాంతము

ఒక ఊరి చరిత్రను తెలిసికొనగోరు విద్యార్థి పూర్వము గ్రంథాలయమునకు పోయి, సూచికలు తిరుగవేసి, తెలిసిన పెద్దల నడిగి విషయము గ్రహించెడివాడు. నేడు చేతిలోని ఫోనులో ఆ ఊరి పేరు వ్రాసి ఫలితములకై చూచుచున్నాడు. విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న భారతదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యము కల్పించిన పిమ్మట ఈ అలవాటు క్రమముగా నగరములనుండి పల్లెలకు వ్యాపించినది. ఈ పద్ధతిలో పేరే విషయమునకు ద్వారము. ఆ పేరు ఒక్కటి గాక అనేకమైనచో, లేక ఒక్క పేరే అనేక స్థలములకు చెందినచో, ఫలితమెట్లుండును? ఈ విషయమున జరిగిన పరిశోధనలను హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణముల దృష్టాంతముతో వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

శోధన యంత్ర స్వభావము

శోధన యంత్రము జాలపుటలలోని పదములను ముందుగనే సేకరించి, ఏ పదము ఏ పుటలో కలదో తెలుపు ఒక మహాసూచికను కూర్చుకొనును. కావ్యముల ముద్రిత ప్రతుల చివర నుండు పద్యసూచిక వంటిదే ఇది. అడిగిన పదము సూచికలో నున్నచో ఆ పుటలను తెచ్చి వరుసపెట్టి చూపును. అరుదుగా కనబడు పదమునకు ఎక్కువ విలువ నీయవలెనని 1972లో ఆంగ్ల విదుషి కేరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించెను. అనేకములైన ఇతర పుటలు ఏ పుటను చూపుచున్నవో దానికి ప్రాధాన్యమీయవలెనని 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బ్రిన్, పేజ్ అనువారు నిరూపించిరి. ఈ రెండు సూత్రములును వరుసను నిర్ణయించునవి. అడిగిన పదము పుటలో వేరొక రూపమున నున్నచో ఆ పుటను తెచ్చిపెట్టుట వీనివలన కాదు.

2019 నుండి గూగుల్ సంస్థ బెర్ట్ అను భాషా నమూనాను వినియోగించి, పదముల చుట్టునున్న సందర్భమును కూడ లెక్కలోనికి తీసికొనుచున్నది. అయితే ఇట్టి నమూనాలు విస్తారమైన పాఠ్యమును చదివి నేర్చుకొనునవి. ఏ ఊరిని గూర్చి ఏ భాషలో వ్రాత తక్కువగా నున్నదో, ఆ ఊరి విషయమున ఆ భాషలో వాని జ్ఞానమును తక్కువగనే యుండును.

పరిశోధకుల నిర్ణయములు

1987లో అమెరికాలోని బెల్ కమ్యూనికేషన్స్ రిసెర్చ్ సంస్థకు చెందిన జార్జి ఫర్నాస్, ఆయన సహచరులు ఒక ముఖ్యాంశమును వెల్లడించిరి. ఒకే వస్తువునకు ఇద్దరు మనుష్యులు తమంత తాముగా ఒకే పేరు పెట్టు అవకాశము 20 శాతమునకు లోపే. దీనికి వారు సూచించిన ఉపాయము, ఒక ఉత్తమ నామమును నిర్ణయించుట గాక, ఒక వస్తువునకు ఎన్ని పేర్లు వాడుకలో నున్నవో అన్నింటిని యంత్రమునకు తెలుపుట.

శోధన ఫలితములను కొలుచు పద్ధతిని 1960ల నాటి క్రాన్‌ఫీల్డ్ ప్రయోగములలో సిరిల్ క్లెవర్‌డన్ స్థిరపరచెను. కావలసిన పుటలలో ఎన్ని దొరకినవి, దొరకిన పుటలలో ఎన్ని కావలసినవి అనునవి ఆ రెండు కొలతలు. తర్కశాస్త్రము చదివినవారికి ఇది సుబోధకము. కావలసినది రాకపోవుట అవ్యాప్తి. అక్కరలేనిది వచ్చుట అతివ్యాప్తి. లక్షణమునకు చెప్పిన దోషములే శోధనమునకును వర్తించుచున్నవి.

వినియోగించువారి నేర్పును గూర్చి ఎస్టర్ హర్గిట్టాయ్ 2002లో ప్రకటించిన అధ్యయనము ప్రసిద్ధము. న్యూజెర్సీ రాష్ట్రమునకు చెందిన 54 మందికి ఆమె కొన్ని అంశములను వెదకుడని పనియిచ్చి పరిశీలించెను. అందరికిని సౌకర్యము ఒకటే అయినను, వెదకి సాధించుటలోను, అందుకు పట్టిన కాలములోను వారి నడుమ గొప్ప అంతరము కనబడినది. యంత్రము అందుబాటులో నున్నంత మాత్రమున సమానత్వము సిద్ధింపదని దీని తాత్పర్యము.

పెనుకొండ

1565 నాటి యుద్ధానంతరము అరవీటి వంశీయులకు రాజధాని యైన పట్టణమిది. రామరాజభూషణుని వసుచరిత్రకు కృతిపతి యైన తిరుమలరాయలు ఇచ్చటినుండి పాలించెను. ఇట్టి పట్టణమును గూర్చి వెదకువారికి రెండు దోషములును ఎదురగుచున్నవి. శాసనములలో ఈ పేరు కకారమునకు గకారము వచ్చి 'పెనుగొండ' అనియు కనబడును. సంస్కృత రచనలలో 'ఘనగిరి' అగును. పెను అనగా గొప్ప, కొండ అనగా గిరి అని తెలిసిన పండితునకు ఈ రెండును ఒకటేయని చెప్పనక్కరలేదు. అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు ఇవి సంబంధము లేని రెండు మాటలు. కనుక 'పెనుకొండ' అని వెదకువానికి ఘనగిరిని పేర్కొను పుట కనబడకపోవచ్చును. ఇది అవ్యాప్తి.

ఇక 'పెనుగొండ' అని వెదకినచో, శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రముగా ఆర్యవైశ్యులు ఆరాధించు పశ్చిమ గోదావరి పెనుగొండ ముందు నిలుచును. ఇది అతివ్యాప్తి. రెండు ఊళ్ల విషయములు ఒక విద్యార్థి వ్యాసములో కలగలసినచో, ఒక ఊరి చరిత్ర మరియొక ఊరికి అంటగట్టబడును. ఆ వ్యాసము తిరిగి జాలమున చేరినచో, పొరపాటు తరువాతివారికి ప్రమాణముగా కనబడును.

ధర్మవరము

ధర్మవరము పేరు చెప్పగానే పట్టుచీరలు స్ఫురించును. అంగడి పుటలు అసంఖ్యాకములగుటచే పేరు మాత్రము వ్రాసినచో అవియే ముందు వచ్చును. ఈ పేరుగల గ్రామములు ఆంధ్రదేశమున మరికొన్ని కలవు. అదిగాక ఇది ఇంటిపేరు కూడ. ఈ ఊర జన్మించి, బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి, ఆంధ్రనాటక పితామహుడని ప్రసిద్ధికెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) ఇట్టివారు. చీర, ఊరు, ఇంటిపేరు అను మూడర్థములను వేరుచేయుటకు మరియొక పదము జోడింపవలెను. 'ధర్మవరము శాసనము', 'ధర్మవరము నాటకకర్త' అని వెదకుట తెలిసినవాడు ఫలము పొందును. హర్గిట్టాయ్ గమనించిన నేర్పరితనము ఇట్టిదే.

హిందూపురము

ఇచ్చట సమస్య పేరు వ్రాయు తీరులో కలదు. హిందూపురము, హిందూపురం, హిందూపూర్, హిందుపూర్ అను రూపములన్నియు వాడుకలో నున్నవి. విభక్తి చేరినప్పుడు గ్రాంథికమున 'హిందూపురమునకు', వ్యవహారమున 'హిందూపురానికి' అగును. ప్రత్యయమును విడదీసి ప్రాతిపదికను గుర్తించు పదవిశ్లేషణ పరికరములు లేనిదే యంత్రము ఈ రూపములను కలుపజాలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రము తెలుగునకు ఇట్టి పరికరములను రూపొందించినది. తెలుగు పేర్లను రోమను లిపిలో తోచినట్లు వ్రాసి వెదకుట మరియొక చిక్కు. భారతీయ భాషలవారి ఈ అలవాటును ఫైర్ అను సమాచార శోధన పరిశోధకుల వేదిక 2013లో ప్రత్యేకముగా పరీక్షకు పెట్టినది.

ఈ ప్రాంతము కన్నడ సీమకు సరిహద్దు. నొలంబుల రాజధాని యైన హేమావతి మొదలగు చోట్ల కన్నడ శాసనములు కలవు. ఒకనాడు తెలుగు, కన్నడ లిపులు ఒక్కటే యనదగినంత సన్నిహితములు. యూనికోడ్ పద్ధతిలో మాత్రము తెలుగు కకారమునకు 3093, కన్నడ కకారమునకు 3221 సంఖ్యలు. కనుక తెలుగున వెదకిన పేరు కన్నడ లిపిలోని పుటలో దొరకదు. అయినను ఉభయ లిపులకు సమానములైన అక్షరములలో ఈ అంతరము ఎల్లయెడల 128 మాత్రమే. లిపిని మార్చి వెదకుట సుకరమే.

పుస్తక సూచికల స్థితి

ఈ శతాబ్దారంభమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకము క్రింద వేలకొలది తెలుగు గ్రంథములు స్కాను చేయబడెను. పుటలు ఛాయాచిత్రములుగా నుండుటచే వాని లోపలి పదములు సూచికకు అందలేదు. గ్రంథనామములు రోమను లిపిలో నియమరహితముగా వ్రాయబడుటచే, గ్రంథమున్నను లేనట్లే అయినది. ఆ సూచికను తెలుగు లిపిలోనికి తెచ్చు కార్యమును 2014లో తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు చేపట్టిరి. మూలస్థానము తరువాత నిలిచిపోయినను, అనేక ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభించుచున్నవి. జిల్లా పేరును బట్టి వెదకువారును జాగరూకులు కావలెను. ఈ మూడు పట్టణములు 1882కు పూర్వము బళ్ళారి జిల్లాలోను, ఆ పిమ్మట అనంతపురము జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

పరిష్కార మార్గము

ఒక అర్థమునకు గల పర్యాయపదములనన్నింటిని ఒకచోట చేర్చుట ఫర్నాస్ సూచించిన ఉపాయము. అమరసింహుడు మూడు కాండములలో చేసినది ఇదియే. అమరకోశమునందలి అర్థసంబంధములను యంత్రమునకు తెలియు రీతిలో అమర్చు పరిశోధనను హైదరాబాదు విశ్వవిద్యాలయమున శివజా నాయర్, అంబా కులకర్ణి 2010లో ప్రకటించిరి. 2012లో ఆరంభమైన వికీడేటా ప్రతి స్థలమునకు ఒక సంఖ్యనిచ్చి, ఆ సంఖ్య క్రింద ఏ భాషలోనైనను ఎన్ని నామాంతరములనైనను చేర్చుటకు వీలు కల్పించినది. పేర్లు అనేకములైనను సంఖ్య ఒకటే. పేరు ఒకటైనను రెండు ఊళ్లకు సంఖ్యలు వేరు. ఈ ఏర్పాటు అవ్యాప్తిని, అతివ్యాప్తిని ఏకకాలమున తగ్గించును.

అయితే ఘనగిరి యనగా పెనుకొండయని చెప్పవలసినవారు శాసనము చదువగలవారు, సంధి, సమాసములు తెలిసినవారు. ప్రతి గ్రామమునకు నేటి పేరు, గ్రాంథిక రూపము, శాసనస్థ రూపము, సంస్కృతీకృత నామము, కన్నడ లిపిలోని రూపము, రోమను లిపి భేదములు, ఆయా కాలముల తాలూకా, జిల్లా పేర్లు ఆధారసహితముగా వ్రాసియుంచినచో, పదిమంది విద్యార్థులు ఒక సంవత్సరములో ఒక మండలమును పూర్తిచేయగలరు. ఆధారము లేని నామాంతరమును చేర్చినచో రెండు ఊళ్లు మరల ఒకటై పోవును గనుక ఇది భాషాజ్ఞానము గలవారి పర్యవేక్షణలో జరుగవలసిన పని. ప్రాచ్యకళాశాలలలో బోధింపబడు విద్య ఈ సూచికలకు ఆధారము కాగలదు. అట్లు కానినాడు, శాసనములు శిలలపై నిలిచియున్నను, వెదకువానికి మాత్రము అవి లేనివే యగును.