ఛాతీ ఎక్స్‌రేలో పేగు కనిపించినప్పుడు

కోనసీమ, పశ్చిమ గోదావరి ప్రాంతాల నుంచి కువైట్, ఖతార్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారికి వీసా వైద్య పరీక్షల్లో ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ప్రధానంగా క్షయ జాడ కోసం తీసే ఆ ఫిల్ములో, ఏ బాధా ఎరుగని మనిషికి పుట్టుకతోనే ఉన్న లోపం ఒకటి అరుదుగా బయటపడుతుంది. ఊపిరితిత్తి ఉండవలసిన చోట పేగులోని గాలి నల్లని గుండ్రని మచ్చలుగా కనిపించే ఆ స్థితి పేరు జన్మతః వచ్చే డయాఫ్రం హెర్నియా.

ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగులా వంగి ఉండి, ఊపిరి తీసే పనిలో ప్రధాన పాత్ర వహించే కండరపు పొరే డయాఫ్రం. పిండదశలో వేర్వేరు మడతలుగా మొదలై ఇంచుమించు ఎనిమిదో వారానికి అతుక్కోవలసిన ఈ పొరలో వెనుకపక్కన, ఎక్కువగా ఎడమవైపు, సందు మిగిలిపోతే దానిని 1848లో వర్ణించిన ప్రాగ్ శాస్త్రవేత్త బొక్‌డాలెక్ పేరుతోనూ, రొమ్ము ఎముక వెనుక మిగిలితే ఇటలీకి చెందిన మోర్గాన్యీ పేరుతోనూ పిలుస్తారు. సందు పెద్దదైతే పేగులు పైకి జరిగి ఊపిరితిత్తులను ఎదగనివ్వవు కనుక శిశువు పుట్టగానే ఆయాసపడుతుంది. చిన్నదైతే మనిషి దశాబ్దాలపాటు మామూలుగానే బతుకుతాడు, లేదా భోజనం తరువాత కలిగే బరువును గ్యాస్ అనుకొని సరిపెట్టుకుంటాడు.

అసలు ప్రమాదం ఆ నీడను మరొకటిగా పొరబడడంలో ఉంది. ఛాతీలోకి చేరిన జీర్ణాశయం గాలితో ఉబ్బితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినట్లు, అందులో ద్రవమూ ఉంటే చీము గడ్డ కట్టినట్లు ఫిల్ములో కనిపించవచ్చు. అది నమ్మి ఛాతీలోకి గొట్టం వేస్తే జీర్ణాశయానికే చిల్లు పడుతుంది. క్షయ, న్యుమోనియా తరచుగా కనిపించే మన ప్రాంతంలో వైద్యుని ఆలోచన ముందు వాటి మీదకే పోవడం సహజం, అందుకే అనుమానం మిగిలిన ప్రతి ఫిల్ము తరువాత సీటీ స్కాన్ తీయించడం అనవసరపు ఖర్చు కాదు. ముక్కు ద్వారా జీర్ణాశయంలోకి సన్నని గొట్టం పంపి మళ్లీ ఎక్స్‌రే తీసినా, దాని కొస ఛాతీలో కనిపిస్తే విషయం తేలిపోతుంది.

కొవ్వు మాత్రమే జారిన చిన్న సందును వయసు మళ్లినవారిలో గమనిస్తూ వదిలేయవచ్చు. పేగు లేదా జీర్ణాశయం పైకి వెళ్లినట్లయితే, అది మెలిపడి రక్తప్రసరణ ఆగే ముప్పు ఉన్నందున, బాధ లేకపోయినా సాధారణంగా శస్త్రచికిత్సనే సూచిస్తారు. అవయవాలను కిందికి దింపి, సందును కుట్లతోగాని వలతోగాని మూసే ఈ పని చాలామందిలో లాపరోస్కోపీతో సాధ్యమవుతుంది.

అన్‌ఫిట్ అన్న చీటీ చేతికి వచ్చినవారు మరో కేంద్రానికి పరిగెత్తక, ఆ ఫిల్మును, ఇంట్లో ఉన్న పాత ఫిల్ములను కలిపి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రిలో సర్జన్‌కు చూపించాలి. ఈలోగా హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు.