కూట్టి అన్నందుకు నవ్వారు

పోయిన ఎండాకాలం తిరుపతి దగ్గర చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. చదివింపులు రాసే పుస్తకం నా చేతికిచ్చారు. పేజీ నిండగానే “ఇదంతా కూట్టి చెప్పనా మామా?” అన్నాను. పందిట్లో ఒకటే నవ్వు. “అరవ తెలుగు” అని ఎవరో అన్నారు. ఆ పేరు పెళ్ళి అయ్యేదాకా నన్ను వదల్లేదు.

తప్పు నాదే. తెలుగులో ‘కూడి’ అనాలి. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి, కానీ నేను లెక్కలు నేర్చుకున్నది తిరునిన్రవూరు బడిలో, తమిళంలో. అక్కడ కూడిక పేరు ‘కూట్టల్’. అయితే ఈ రెండు మాటలూ పరాయివి కావు. తెలుగు, తమిళం రెండూ ద్రావిడ భాషలే. ‘కూడు’ అనే ధాతువు రెండింటికీ పుట్టింటి సొత్తు. తమిళంలో తనంతట చేరితే ‘కూడు’, ఇంకొకరు చేరిస్తే ‘కూట్టు’. పప్పూ కూరగాయా కలిపి వండే కూట్టుకి కూడా ఆ పేరు అలా వచ్చిందే.

ఇప్పుడే ‘కూడా’ అని రాశాను, చూశారా? అదీ ఈ ధాతువులోదే. మా అవ్వ “నా కూడా రా” అంటే ‘నాతో రా’ అని అర్థం. తమిళంలో “ఎన్ కూడ వా” అన్నా అంతే. తోడుగా రావడం నుంచి ‘నేను కూడా’ అనే అర్థం వచ్చింది. కూడలి అంటే దారులు కలిసే చోటు. ‘కూడదు’ అంటే పొసగదు, తగదు. తమిళంలో ‘కూడాదు’.

మరి మనం తినే కూడు? ఇది ఆ కూడు కాదు! తమిళంలో దీని జోడు ‘కూఴ్’, అంటే ఆడి నెలలో అమ్మవారి గుళ్ళో పోసే అంబలి. ‘తమిఴ్’ అన్న మాట చివర పలికే అక్షరమే దాని చివరా ఉంది. రేనాటి చోళుల నాటి తెలుగు శాసనాల్లో ఆ అక్షరం మనకూ ఉండేది. తర్వాత పోయింది. చాలా మాటల్లో దాని చోట ‘డ’ వచ్చింది: ఏఴు–ఏడు, కోఴి–కోడి, కూఴ్–కూడు. అందుకే తెలుగులో రెండు వేరు మాటలు ఒకేలా వినిపిస్తున్నాయి. ఈ తేడా పట్టుకోవడానికి నాకు పనికొచ్చింది నా తమిళమే.

పెళ్ళిలో జరిగింది చెప్తే అవ్వ నవ్వింది. వాళ్ళది తిరుత్తణి పక్క పల్లె. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాని ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో చేర్చారు. అవ్వకి అప్పుడు పదేళ్ళు. “ముందురోజు ఏం మాట్లాడినామో మర్నాడూ అదే మాట్లాడినాం. ఊరు ఎక్కడ చేరిస్తే మాత్రం మాట మారిపోతుందా?” అంది. ‘చేరు’ కూడా రెండు భాషల్లోనూ ఉన్న మాటే, తమిళంలో ‘సేర్’ అంటారు.

ఈసారి పెళ్ళిలో ‘కూడి చెప్పనా’ అనే అంటాను. ఎవరైనా ‘అరవ తెలుగు’ అంటే మాత్రం తల దించుకోను, ఇదంతా కూర్చోబెట్టి చెప్తాను. మీ ఇళ్ళల్లో కూడా ఇలా నవ్వించిన మాటలు ఉంటే ఒక చీటీ మీద రాసి ఈ బోర్డు కింద అంటించండి. వచ్చే నెల అన్నీ కూడి చూద్దాం.