ఘటోత్కచుడు మళ్ళీ మన ఇంటికొచ్చాడు!

దయ్యాల సినిమా పెట్టమని పిల్లలు ఒకటే గోల. తీరా పెట్టాక ఒకడు అమ్మ కొంగు పట్టుకుంటాడు, ఇంకొకతి దుప్పటి ముసుగు తన్నేస్తుంది. ఆ రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఇంటిల్లిపాదీ లేవాల్సిందే! ఇలాంటి ఇళ్ళకు నేను చెప్పే మందు ఒక్కటే. భయమూ నవ్వూ ఒకే విస్తట్లో వడ్డించే సినిమా కావాలంటే మనకు 'మాయాబజార్' ఉందిగా!

"అది పౌరాణికం కదా, దయ్యాల సినిమా ఎలా అవుతుంది?" అని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఒక్కసారి ఆ పెళ్ళి ఘట్టం గుర్తు తెచ్చుకోండి. పెళ్ళిపీటల మీద ముద్దులొలికే శశిరేఖ. పక్కన పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడిగా రేలంగి. పెళ్ళికూతురు కాలు తొక్కితే అతగాడి ప్రాణం పైకి పోతుంది. తలెత్తి చూస్తే ఎదురుగా రాక్షసుడు! కెవ్వున అరిచి పక్కవాళ్ళను పిలిస్తే వాళ్ళకు మాత్రం చక్కని చుక్క కనిపిస్తుంది. అమ్మాయి ఒంట్లో రాక్షసుడు దూరడం, ఆ సంగతి ఒక్కడికే తెలియడం, వాడి మాట ఎవరూ నమ్మకపోవడం... ఇప్పుడొచ్చే హారర్ కామెడీలన్నీ తిప్పి తిప్పి తీస్తున్నది ఇదే కదా!

ఆ ఘట్టంలో సావిత్రిని చూడండి. ఆమె ఆడపిల్లగా నటించడం లేదు, ఆడపిల్లగా నటిస్తున్న ఘటోత్కచుడిగా నటిస్తోంది. నడకలో మగతనం, చూపులో ఎస్వీ రంగారావు ఠీవి, అంతలోనే ఎవరో చూస్తున్నారనగానే సిగ్గుతో తలవంచడం. గొంతేమో సుశీలది, మధ్యలో ఉలిక్కిపడేలా వచ్చే మగగొంతు ఘంటసాలది. మామూలుగా గయ్యాళి అత్తగా మన గుండెల్లో రైళ్ళు పరిగెత్తించే సూర్యకాంతమ్మ ఇందులో హిడింబి. కొడుకంటే ప్రాణం పెట్టే తల్లి. రాక్షసి అయినా అమ్మ అమ్మే!

1957 మార్చి 27న విడుదలైన ఈ సినిమాను విజయా సంస్థ తరఫున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించారు. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. అసమదీయులు, తసమదీయులు అని మనం ఇప్పటికీ ఇంట్లో ఆడపడుచుల మీద జోకులేసుకుంటున్నామంటే ఆ పుణ్యం ఆయనదే. పాండవుల ఇంటి పిల్లవాడి పెళ్ళి కథ అయి ఉండీ, మూడు గంటల సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదకు రారు. గమనించారా? గమనించకపోతే ఈసారి చూడండి.

మన దగ్గర కథ

సిద్దిపేటలో పాతతరం ఆడవాళ్ళను అడిగితే ఈ సినిమా ఎన్ని రకాలుగా చూశారో వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. టాకీసులో మళ్ళీ మళ్ళీ ఆడినప్పుడు ఒకసారి. పెళ్ళి ఇంట్లోనో, వినాయకుడి పందిట్లోనో వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రంతా క్యాసెట్లు వేసినప్పుడు ఇంకోసారి. ఆ క్యాసెట్ల బొమ్మ సంగతి ఏం చెప్పను! సగం సినిమా వానలోనే నడిచేది. టేపు అరిగిన చోట అభిమన్యుడి ముఖం వంకరపోయేది, హెడ్ తుడవడానికి స్పిరిట్ దూది పట్టుకుని ఒకరు పక్కనే కూర్చునేవారు. అయినా చూశాం. తరువాత వీసీడీలు, డీవీడీలు వచ్చాయి. మోసర్ బేర్ కంపెనీ 2007లో 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మడంతో అద్దె కొట్లు ఒక్కొక్కటే షట్టర్ దించాయి. ఇప్పుడు ఆ కంపెనీ కూడా లేదు.

మరి క్యాసెట్టుకూ, హై డెఫినిషన్ బొమ్మకూ తేడా ఏమిటి? మనకు తెలిసిన భాషలో చెప్పుకుందాం. టీవీ బొమ్మ అంటే చుక్కల ముగ్గు. చుక్కలు ఎన్ని ఎక్కువ పెడితే ముగ్గు అంత సన్నగా, అంత అందంగా కుదురుతుంది. మన దేశంలో అమ్మిన డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4 లక్షల పైచిలుకు చుక్కలు. బ్లూ-రే హై డెఫినిషన్‌లో 1920, 1080. అంటే 20 లక్షలు దాటి! 4కె అంటారే, అందులో దాదాపు 83 లక్షలు. వీడియో క్యాసెట్ డీవీడీ కన్నా కూడా చాలా తక్కువ.

ఇక్కడో మెలిక ఉంది. చుక్కలు ఎన్ని పెట్టినా కింద నేల శుభ్రంగా లేకపోతే ముగ్గు కుదరదు కదా! అసలు ఫిల్ము పాడైపోతే ఎన్ని లక్షల చుక్కలైనా చూపించేది గీతలనూ మరకలనే. పాత ఫిల్ములకు ఒక రోగం ఉంది. వేడికీ తేమకూ ఆ ప్లాస్టిక్ పొర విరిగిపోయి ఆమ్లం పుడుతుంది. డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన! ఇంగ్లీషువాళ్ళు దానికి వెనిగర్ రోగం అనే పేరు పెట్టారు. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాలకూ అంటుకుంటుంది, అచ్చం బూజు పట్టిన ఊరగాయ జాడీ లాగా. ఫిల్ము ముడుచుకుపోయి, పెళుసుబారి, ముట్టుకుంటే విరుగుతుంది. చల్లని, పొడి గదిలో దాచినవి నిలుస్తాయి. లేదంటే లేదు. ఒకప్పుడు విడుదల అయిపోగానే నెగెటివ్‌ను గోదాములో పడేయడం ఎంత మామూలో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

రంగులు అద్దిన మాయాబజార్

'మాయాబజార్'ను బాగుచేసే పని హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తీసుకుంది. ఒక్కో బొమ్మనూ కంప్యూటర్లోకి ఎక్కించి, దుమ్మూ గీతలూ తుడిచి, శబ్దాన్ని ఇప్పటి థియేటర్లకు తగినట్టు మలిచి, ఆపైన రంగులు వేశారు. ఎంత పనో ఊహించుకోండి. సెకనుకు 24 బొమ్మలు. మూడు గంటల పైచిలుకు సినిమా అంటే రెండున్నర లక్షలు దాటతాయి! ఖర్చు ఏడున్నర కోట్ల వరకూ అయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2010 జనవరి 30న రంగుల 'మాయాబజార్' థియేటర్లకు వచ్చింది, తరువాత డిస్కుగా, టీవీలో మన ఇళ్ళలోకి చేరింది. అంతకుముందు 2004లో హిందీ 'మొఘల్-ఎ-ఆజమ్' ఇలాగే మొత్తం రంగుల్లోకి మారి వచ్చింది. ఆ దారిలో నడిచిన తెలుగు సినిమా ఇదే మొదటిది.

రంగుల ప్రతి చూసి పిల్లలు నోరు తెరుచుకు కూర్చున్నారు, నిజమే. ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలన్నీ ఒక్కడే ఊదేసే ఘట్టం రంగుల్లో చూడాల్సిందే. లడ్డూలు పసుపుపచ్చగా మెరుస్తూ వాటంతట అవే నోట్లోకి ఎగిరి వెళుతుంటే మనకే ఆకలి పుడుతుంది! ఖాళీ అయిన పళ్ళాలు మళ్ళీ నిండుతుంటే, మనింటి వంటగదిలోనూ ఈ మాయ ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

కానీ నా మటుకు నాకు వెన్నెల పాట నలుపు తెలుపులోనే బాగుంటుంది. మార్కస్ బార్ట్లే అనే ఛాయాగ్రాహకుడు వెన్నెల లేకుండానే వెన్నెల సృష్టించిన మహానుభావుడు. ఆ నీళ్ళ మీది తళుకు, ఆ పడవ, సావిత్రి చెక్కిలి మీది వెలుగు, అంతా తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న ఛాయలతో కట్టిన అందం. దాని మీద నీలం పూస్తే పట్టుచీర మీద మళ్ళీ పెయింటింగ్ వేసినట్టుంటుంది. ఇంకో అనుమానం కూడా. శశిరేఖ చీర ఏ రంగుదో ఎవరు చెప్పారు? నలుపు తెలుపు ఫిల్ములో అది ఎక్కడా రాసి ఉండదు. ఆకుపచ్చా ఎరుపూ రెండూ ఒకే బూడిద ఛాయగా పడవచ్చు. కాబట్టి రంగులద్దిన కళాకారులు ఆలోచించి ఎంచుకున్నవే మనం చూస్తున్నవి. తప్పని అనను, అసలుదని కూడా అనను.

మనసుకు కష్టమనిపించే సంగతి వేరే ఉంది. రంగుల ప్రతిలో కొన్ని పాటలూ, పద్యాలూ లేవు! పాత ప్రతి ఆ చోట్ల బాగా చెడిపోవడంతో వాటిని వదిలేశారు. మా అత్తమ్మ వయసువాళ్ళు సినిమా చూస్తూ "ఇక్కడ పాట రావాలె గదా?" అని ఆగిపోయేది అందుకే. వాళ్ళకు తెలుసు, వెతుక్కుంటారు. కానీ మన మనవళ్ళు మొదటిసారే రంగుల ప్రతి చూస్తే ఆ పాటలు ఉండేవన్న సంగతే వాళ్ళకు తెలియదు. పాత ప్రతిని ఎవరూ పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు అడిగేవాళ్ళూ ఉండరు.

అమెరికాలో ఈ గొడవ ఎప్పుడో జరిగింది. 1980లలో టెడ్ టర్నర్ అనే పెద్దమనిషి పాత నలుపు తెలుపు సినిమాల హక్కులు కొని రంగులు వేయించడం మొదలుపెడితే దర్శకులంతా మండిపడ్డారు. గొడవ చట్టసభ దాకా వెళ్ళి, 1988లో పాత సినిమాల సంరక్షణకు చట్టమే వచ్చింది. ఇంకో ముచ్చట. మెల్ బ్రూక్స్ అనే హాస్య దర్శకుడు 1974లో 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్' అని మన దయ్యం-నవ్వు బాపతు సినిమాయే తీశాడు. అప్పటికి అంతా రంగులే. అయినా పాత భయం సినిమాల వాసన రావాలని నలుపు తెలుపులోనే తీస్తానని పట్టుబట్టాడు. కాదన్న కంపెనీని వదిలేసి వేరే కంపెనీకి వెళ్ళాడు! 2008లో ఆ సినిమా బ్లూ-రేగా వచ్చినప్పుడు కూడా ఆ నలుపు తెలుపునే ఇంకా స్పష్టంగా చూపించారు. రంగులు అద్దలేదు.

మనమూ అడగవలసింది ఇదే. రంగుల బొమ్మ వద్దని కాదు. ఒకే డిస్కులో రెండూ పెట్టొచ్చు కదా! బ్లూ-రే ఒక్కదానిలో 50 గిగాబైట్ల వరకూ పడుతుంది, డీవీడీ కన్నా ఎన్నో రెట్లు. పాటలన్నీ ఉన్న నలుపు తెలుపు ప్రతిని హై డెఫినిషన్‌లో శుభ్రం చేసి, పక్కనే రంగుల ప్రతి ఉంచితే ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు. అదే ఏడాది తమిళంలోనూ ఈ సినిమా వచ్చింది, అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. అదీ చేరిస్తే ఇంకేం కావాలి! ద్వారక నగరాన్ని ఎలా కట్టారో చెప్పే చిన్న ముక్క కూడా ఉండాలి. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 బుల్లి ఇళ్ళు కట్టి, దీపాలు పెట్టి తీశారు మరి. మన బొమ్మల కొలువులా అన్నమాట.

చిరంజీవి, శ్రీదేవిల 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న వచ్చింది. సరిగ్గా 35 ఏళ్ళకు, 2025 మే 9న మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేశారు. మంచి రీలు కోసం ఏళ్ళ తరబడి వెతకాల్సి వచ్చిందని నిర్మాతలే చెప్పారు. అంత పెద్ద సినిమాకే ఆ గతి పడితే చిన్న సినిమాల సంగతి ఏమిటి?

ఇంట్లో చూసేటప్పుడు

పాత సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, ఇప్పటి టీవీ వెడల్పు. అటూ ఇటూ నల్లని పట్టీలు వస్తే కంగారుపడి రిమోట్‌తో సాగదీయకండి. సాగదీస్తే సావిత్రి ముఖం గుమ్మడికాయలా అవుతుంది! బొమ్మను నున్నగా చేసే మోషన్ సెట్టింగు టీవీలో ఉంటే ఆపేయండి. లేకపోతే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. డిస్కు తుడిచేటప్పుడు మెత్తని పొడి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గిన్నె తోమినట్టు గుండ్రంగా రుద్దకూడదు. కిటికీ ఎండలో పెట్టకూడదు.

ఆ రాత్రికి పెద్ద వంటలేం వద్దు. మాయాబజారులో శర్మ, శాస్త్రులు గోంగూర కోసం లొట్టలేస్తారు కదా, అదే మన పుంటికూర! పొద్దున్నే పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి పుంటికూర తొక్కు నూరి ఉంచండి. సాయంత్రం సర్వపిండి కాలిస్తే పిల్లలు టీవీ ముందు నుంచి కదలకుండానే తినేస్తారు.

ఇంకో మాట. మీ బీరువా పైఅరలో పెళ్ళి క్యాసెట్ ఉందా? 1990లలో పెళ్ళయిన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని దించి చూడండి. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టకండి, టేపూ ప్లేయరూ రెండూ పాడవుతాయి. వీసీఆర్లు తయారుచేసే ఆఖరి కంపెనీ జపాన్‌లో 2016లో ఆ పని మానేసింది, కాబట్టి బాగున్న ప్లేయరు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఫొటో స్టూడియోలు ఇంకా ఉన్నాయి. ఇచ్చేటప్పుడు బొమ్మ కత్తిరించకుండా, పాటలు కలపకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించమని గట్టిగా చెప్పండి. మీ నాయనమ్మ గొంతు ఆ టేపులో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. ఫైలు వచ్చాక ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరో, వదినె దగ్గరో ఉంచండి. అసలు క్యాసెట్‌ను మాత్రం పారేయకండి. నిలువుగా, అయస్కాంతాలకూ స్పీకర్లకూ దూరంగా, తేమ తగలని చోట పెట్టుకోండి.